ఏనుగు మూడో వరుసలోనా, చివరి వరుసలోనా?

విజయవాడలో ఆదివారం చదరంగం టోర్నీ. ఎదురుగా గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన. అరవై ఎత్తులు దాటాక ఆయనకి ఏనుగు (రూక్), డి5 గడిలో బంటు, ఈ5లో రాజు. నాకు ఒట్టి ఏనుగు. నా రాజు డి8లో. గడియారంలో రెండే నిమిషాలు.

డ్రా చేసుకోవాలంటే రెండు దారులు. మొదటిది, ఏనుగుని మన వైపు చివరి వరుసలో కూర్చోబెట్టి కాచుకోవచ్చు. అంచు బంటుకీ, దాని పక్క నిలువు వరుసలోని గుర్రం బంటుకీ అది చాలు. మధ్య బంటైతే మాత్రం ఓటమే: అవతలి ఏనుగు రెండో వైపుకి తిరిగొచ్చి చెక్‌మేట్ బెదిరింపు పెడుతుంది, మన ఏనుగు కట్టేసినట్టు ఉండిపోతుంది.

రెండోది 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడార్ పేరున్న పద్ధతి. నాకు ప్రాణం ఇదే. మన వైపు నుంచి మూడో వరుసలో ఏనుగుని నిలబెడితే అవతలి రాజు ముందుకి రాలేడు. విసిగి బంటుని తోసేదాకా ఆగాలి, ఆ ఓపికే కష్టం. నా ఏనుగు ఆ వరుసలోనే అటూ ఇటూ జరుగుతూ ఏ6లో ఆగింది. ఆయన బంటుని డి6కి తోశారు. వెంటనే నా ఏనుగు ఏ1కి దిగింది. ఆయన రాజు ఈ6కి వస్తే ఈ1 నుంచి చెక్, డి5కి వెళ్తే డి1 నుంచి చెక్. బంటు ముందుకెళ్ళిపోయింది కాబట్టి రాజుకి చాటు లేదు.

"డ్రా చేద్దామా బాబూ?" అన్నారాయన.

"సరేనండీ" అన్నాను. స్కోర్‌షీట్ మీద సంతకం పెడుతుంటే నా చెయ్యి ఇంకా వణుకుతోంది.