మూడు పెన్సిల్ సెల్స్ డిజిటల్ రేడియో: వినడానికి బాగుంది, ఆపాకే వచ్చింది చిక్కంతా

ఒకే సర్క్యూట్ బోర్డు మీద నాలుగైదు పేర్లతో అమ్ముడయ్యే రకం రేడియో ఇది. కాబట్టి డబ్బా మీద పేరు వదిలేసి లోపలి సంగతి చూద్దాం. అరచేతిలో పట్టే సైజు, ఎఫ్ఎం, మీడియం వేవ్, షార్ట్ వేవ్, డిజిటల్ ట్యూనింగ్, గడియారం, అలారం. స్టేషన్లు పట్టడంలో వంక పెట్టడానికి లేదు. స్పీకర్ చిన్నదే అయినా వార్తలు చదివే గొంతు స్పష్టంగా వినిపిస్తుంది, తబలా మోత మాత్రం ఆశించకండి. ఫిర్యాదల్లా ఒక్కటే: రోజుకు రెండు గంటలు వింటే పది రోజులకే సెల్స్ అయిపోతున్నాయి.

పాట వస్తున్నప్పుడు ఎంత కరెంటు తాగుతోందో ముందు మల్టీమీటర్‌తో కొలిచి చూడాలి. మధ్యస్థం వాల్యూమ్‌లో స్పీకర్ మీద 55 మిల్లీ ఆంపియర్లు, ఇయర్‌ఫోన్ పెడితే 38. బ్యాక్‌లైట్ వెలిగితే మరో 14. వాల్యూమ్ పూర్తిగా పెంచితే మీటర్ మీద అంకె నిలవదు, 120 నుంచి 150 మధ్య ఊగుతుంది. ఈ రకం రేడియోకి ఇవి మామూలు అంకెలే. వాల్యూమ్ సున్నా చేసి ఆపేశామనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి: శబ్దం ఆగినా ట్యూనర్, ప్రాసెసర్ నడుస్తూనే ఉంటాయి, 30కి పైగా పోతూనే ఉంటుంది.

అసలు దొంగ ఆపేశాక దొరికాడు. పవర్ బటన్ నొక్కి ఆపినా మీటర్ 4.2 మిల్లీ ఆంపియర్లు చూపిస్తోంది. గడియారం నడవడానికి 0.1 లోపు సరిపోవాలి. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. రెండు గంటలు వింటే 110 మిల్లీ ఆంపియర్ అవర్లు (కరెంటును గంటలతో గుణిస్తే వచ్చేది), మిగతా 22 గంటలు ఊరికే ఉంటే 92. అంటే సెల్స్‌లో దాదాపు సగం ఎవరూ వినని రేడియో తినేస్తోంది. 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల కెపాసిటీ సెల్స్ పది రోజులకే ఎందుకు చేతులెత్తేస్తున్నాయో ఇక్కడే తేలిపోయింది. మూడు సెల్స్ కదా, 6000 అనుకోవద్దు. వరుసగా కలిపినప్పుడు వోల్టేజీ పెరుగుతుంది, కెపాసిటీ ఒక సెల్‌దే.

ఈ కొలత ఇంట్లోనే తీయొచ్చు. చిన్న కాగితం ముక్కకు రెండు వైపులా అల్యూమినియం ఫాయిల్ అంటించండి, ఒక వైపు ఫాయిల్ రెండో వైపుది ముట్టుకోకూడదు. దాన్ని సెల్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య దూర్చి, మీటర్ రెండు వైర్లూ రెండు ఫాయిళ్ళకు పెట్టండి. మొదట 10 ఆంపియర్ల సాకెట్‌లో. రేడియో ఆపి రెండు నిమిషాలు ఆగి, అంకె చిన్నదని తేలాకే 200 మిల్లీ ఆంపియర్ల రేంజ్‌కి మారండి. మైక్రో ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి రేడియో ఆన్ చేస్తే మీటర్ లోపలి రెసిస్టెన్స్‌కే వోల్టేజీ పడిపోయి రేడియో రీసెట్ అవుతుంది, అది రేడియో తప్పు కాదు. మిల్లీ ఆంపియర్ల రేంజ్‌లో ఉన్న మీటర్‌ని సెల్ రెండు కొనలకూ నేరుగా ముట్టించారో, ఫ్యూజ్ పోయినట్టే.

ఈ పీస్‌లో కారణం బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య ఉండి లీకవుతున్న 470 మైక్రో ఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ (ఛార్జ్‌ని కాసేపు దాచుకునే చిన్న భాగం). సెల్స్ తీసేసి, దాని ఒక కాలు సోల్డర్ విప్పి పైకి లేపి, మళ్ళీ కొలిస్తే 4.2 కాస్తా 0.07కి దిగింది. అదే విలువది, 10 లేదా 16 వోల్టులది కొత్తది వేస్తే సరి. ఒంటి మీద చార ఉన్న కాలు మైనస్, తిరగేస్తే ఉబ్బి పేలుతుంది. మార్చాక అవే సెల్స్ 18 రోజుల లెక్కకు వస్తాయి.

కాలు లేపినా అంకె దిగకపోతే ఛార్జింగ్ సాకెట్ దగ్గర డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చే భాగం) వెనక్కి లీకవుతోందేమో చూడాలి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు అలారం కూడా చూసుకోండి. పొరపాటున తెల్లవారుజామున నాలుగుకి పెట్టి, వాల్యూమ్ సున్నాలో ఉంటే, రేడియో లేచి గంటసేపు ఎవరికీ వినపడకుండా పాడుకుని పడుకుంటుంది! సంచిలో వేసుకునేవాళ్ళు బటన్ల లాక్ వేయాలి, బటన్లు మరీ మెత్తన.

మెనూలో సెల్ రకం అని ఒక సెట్టింగ్ ఉంది, చాలామంది తెరిచే చూడరు. ఆల్కలైన్ (ఛార్జ్ చేయకూడని మామూలు సెల్) అని ఉంటే 3.5 వోల్టుల దగ్గర రేడియో ఆగిపోతుంది. ఛార్జబుల్ నికెల్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి, అందులో ఇంకా సరుకుండగానే అయిపోయిందంటుంది. నికెల్ అని మారిస్తే 3.0 దాకా నడుస్తుంది. కానీ ఆ సెట్టింగ్‌లో యూఎస్‌బీ పెడితే ఛార్జింగ్ మొదలవుతుంది. లోపల ఆల్కలైన్ సెల్స్ ఉంటే కారతాయి, పగలొచ్చు కూడా.

కారిన సెల్ వల్ల స్ప్రింగులకు తెల్ల పొడి, పచ్చ చిలుము పడితే రేడియో ఎక్కువ తాగకపోయినా తాగుతున్నట్టే కనిపిస్తుంది. అక్కడే వోల్టేజీ పడిపోయి, మంచి సెల్స్ కూడా ముందే అయిపోయాయంటుంది. గట్టిగా పాట పెట్టి సెల్ కొనకీ, స్ప్రింగ్ సోల్డర్ అయిన చోటుకీ మధ్య కొలవండి. ఈ కొత్త పీస్‌లో 8 మిల్లీ వోల్టులు, చిలుము పట్టినవాటిలో 200 దాటినా ఆశ్చర్యం లేదు. చెవుల పుల్లకు వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. గరుకు కాగితంతో గీకితే పైపూత పోయి తుప్పు తొందరగా వస్తుంది. పాట వస్తుండగానే సెల్స్‌ని విడివిడిగా కూడా కొలవండి. ఒకటి మిగతావాటికంటే 0.2 వోల్టు తక్కువుంటే మూడూ మార్చేయండి, కొత్తా పాతా కలపొద్దు.

రేడియోగా దీనికి మంచి మార్కులే. ఆపే పద్ధతికి మాత్రం కాదు: పక్కకి జరిపే అసలు స్విచ్ ఒక్కటి పెట్టి ఉంటే ఆ కెపాసిటర్ చెడినా సెల్స్ జోలికి వచ్చేది కాదు. కొన్న వారంలోనే ఆఫ్ కరెంటు కొలవండి, 1 మిల్లీ ఆంపియర్ దాటితే వారంటీలో వెనక్కి పంపండి. రేడియో స్క్రూలు విప్పితే ఆ వారంటీ పోతుంది.