ఏ/బీ టెస్టా, వినియోగదారుల సర్వేనా: ఏది మేలు?

ఒక యాప్‌లో కరెంటు బిల్లు కట్టే పేజీ ఉందనుకుందాం. బటన్ మీద ‘చెల్లించండి’ అని ఉండాలా, ‘బిల్లు కట్టండి’ అని ఉండాలా అని సర్వేలో అడిగితే, చాలామంది చూడటానికి మర్యాదగా ఉన్న మొదటి మాటనే ఎంచుకోవచ్చు. గడువు తేదీ నాడు తొందరలో ఉన్న మనిషి దేన్ని చూసి ముందుకు సాగుతాడో ఆ జవాబు చెప్పదు. వచ్చినవారిని చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో బటన్ చూపి, చివరిదాకా వెళ్లి డబ్బు కట్టినవారెందరో లెక్కపెట్టడమే ఏ/బీ టెస్టు. ఇటువంటి చిన్న ఎంపికల్లో దానిదే పైచేయి.

పని తెలిసినవారి అంచనాలు కూడా ఎంత తప్పుతాయో 2008 ఒబామా ఎన్నికల ప్రచార వెబ్‌సైటులో బయటపడింది. వీడియో పెడితే ఎక్కువమంది పేరు నమోదు చేసుకుంటారని సిబ్బంది నమ్మారు. బటన్లనూ, ఫొటోలనూ, వీడియోలనూ కలిపి 24 రకాల పేజీలను పరీక్షించగా, ప్రతి వీడియో ప్రతి ఫొటో కంటే వెనుకబడింది. కుటుంబ చిత్రంతో పాటు ‘లెర్న్ మోర్’ బటన్ ఉన్న పేజీ గెలిచి, నమోదు 8.26 శాతం నుంచి 11.6 శాతానికి పెరిగింది.

అయితే అంకె పెరిగినంత మాత్రాన మంచి జరిగినట్టు కాదు. మైక్రోసాఫ్ట్ వారి బింగ్ సెర్చ్‌లో ఒక ప్రయోగంలో లోపం వల్ల నాసిరకం ఫలితాలు కనిపించగా, ఒక్కొక్కరు చేసే వెతుకులాటలు 10 శాతానికి పైగా, ఆదాయం 30 శాతానికి పైగా పెరిగాయని 2012లో ఆ సంస్థ పరిశోధకులే రాశారు. కావలసింది దొరకక జనం మళ్లీ మళ్లీ వెతికారు, ప్రకటనల మీద నొక్కారు. అక్కడ వినియోగదారుణ్ణి ఒక్క మాట అడిగితే చాలు, గుట్టు తెలిసిపోయేది.

సర్వే బలం అదే: కారణం చెబుతుంది. కానీ ‘ఈ సదుపాయం పెడితే వాడతారా?’ అన్న ప్రశ్నకు అవుననడానికి ఎవరికీ ఖర్చు లేదు కనుక, దాని జవాబును నేను లెక్కలోకి తీసుకోను. ‘కిందటిసారి బిల్లు కట్టేటప్పుడు ఎక్కడ ఆగిపోయారు?’ అన్నది అడగవలసిన ప్రశ్న. ‘మీ సంతృప్తి స్థాయిని తెలుపుము’ వంటి అనువాదపు తెలుగు చూస్తే, నాకైతే ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి బయటపడాలనిపిస్తుంది. పైగా యాప్ తీసేసి వెళ్లిపోయినవారు సర్వేలో దొరకరు.

ఇక మిగిలింది జనసంఖ్య. వచ్చినవారిలో 5 శాతం మంది బిల్లు కడుతుంటే, అది 5.5 శాతానికి పెరిగిందని సాధారణ గణాంక ప్రమాణాలతో నమ్మకంగా తేల్చడానికి ఒక్కో గుంపుకు సుమారు 30 వేల మంది కావాలి. రోజుకు 200 మంది వచ్చే యాప్‌కు అది పది నెలల పని. రెండో వారంలోనే ఒకటి ముందుందని చూసి ఆపేస్తే, నాణెం ఎగరేసిన దానికి పెద్ద తేడా ఉండదు. అటువంటి బృందానికి సర్వే, అది కూడా ఫోన్ చేసి అడిగేది, నిస్సందేహంగా మేలు. మధ్యలో ఆగిపోయిన 15 మందిని అడిగినప్పుడు ఏడుగురు ఓటీపీ రాలేదని చెబితే, బటన్ మీద ఏ మాట ఉండాలన్న చర్చ అక్కడితో ఆగిపోతుంది.