రిజిస్టరు లెక్కా, గడప దగ్గరి ప్రశ్నా?

మా పర్లాకిమిడి నుంచి కొండలెక్కిపోతే ఒడిశాలోని చంద్రగిరి. 1963 నుంచి టిబెట్ శరణార్థులున్న చోటు. చుట్టూ సవర పల్లెలు. ఇలాంటిచోట వికలాంగుల సేవల్ని ఎలా కొలవాలి?

పరికరాలు పంచే శిబిరం లెక్క సులువు. ఇన్ని చక్రాల కుర్చీలు, ఇన్ని చంక కర్రలు పంచాం, సంతకాలివిగో. ఆ కుర్చీ రాళ్లబాటలో నాలుగడుగులు కదిలిందా అన్నది మాత్రం రిజిస్టరు చెప్పదు.

ఆర్నెల్ల తర్వాత ఇంటింటికీ తిరిగి అడగడం ఖర్చు, కాళ్లనొప్పి. పైగా దుబాసీ కావాలి. కానీ వైకల్యాన్ని లెక్కించే పద్ధతులు రూపొందించే ఐక్యరాజ్యసమితి బృందం, వాషింగ్టన్ గ్రూపు, ఇచ్చిన చిన్న జాబితాలో ప్రశ్నలు ఆరే: చూపు, వినికిడి, నడక, జ్ఞాపకం, సొంత పనులు, మాట. "వికలాంగులా?" అనవు, "ఎంత కష్టంగా ఉంది?" అంటాయి. దాచుకునేవాళ్లూ నోరు విప్పుతారు. శరణార్థులకీ సవరలకీ అవే ప్రశ్నలు వేస్తేనే ఎవరికి అందలేదో బయటపడుతుంది. నా ఓటు దీనికే. సంతకాల పుస్తకం పారేయమనను, ఎవరింటికి వెళ్లాలో అందులోనేగా ఉంటుంది!