క్లౌడ్‌ఫ్లేర్ రిజిస్ట్రార్: డొమైన్ మారినా మెయిల్ ఆగకుండా ఉంటుందా?

డొమైన్‌ను ఒక రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ) నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కు ట్రాన్స్‌ఫర్ చేశాక సైట్ పడిపోతే అందరూ ట్రాన్స్‌ఫర్‌నే తిడతారు. నిజానికి అందులో మారేది రిజిస్ట్రీ (డాట్ కామ్ లాంటి వాటి మొత్తం చిట్టా ఉంచే సంస్థ) ఖాతాలో రిజిస్ట్రార్ పేరు మాత్రమే. డొమైన్ చిరునామా అడిగినవాళ్లకు జవాబు చెప్పే నేమ్‌సర్వర్లు పాతవే ఉంటాయి. చిక్కంతా అక్కడే. చాలామంది వాడేది పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చిన నేమ్‌సర్వర్లే. కస్టమర్ వెళ్లిపోయాక ఆ డీఎన్‌ఎస్ జోన్‌ను (డొమైన్ రికార్డుల పట్టికను) ఉంచాలని వాళ్లకేం పట్టదు, చాలాసార్లు తీసేస్తారు. డొమైన్ మన పేరు మీదే ఉంటుంది, కానీ దాని చిరునామా చెప్పే దిక్కుండదు.

డీఎన్‌ఎస్ సేవతో పాటు డొమైన్లనూ అమ్మే క్లౌడ్‌ఫ్లేర్ ఈ గోతిని తన నియమంతోనే పూడ్చింది. ముందు డీఎన్‌ఎస్ అక్కడికి మారి, డాష్‌బోర్డ్‌లో డొమైన్ 'యాక్టివ్' అని కనిపిస్తేనే ట్రాన్స్‌ఫర్ బటన్ పనిచేస్తుంది. అందుకే ఇక్కడ ట్రాన్స్‌ఫర్ రోజు ఏమీ జరగదు. జరిగేదేదైనా అంతకుముందు, నేమ్‌సర్వర్లు మార్చిన రోజున జరుగుతుంది. ఈ సర్వీసులో అసలు మెచ్చుకోవాల్సింది ఇదే, అసలు జాగ్రత్తపడాల్సిందీ ఇక్కడే.

ధర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రిజిస్ట్రీ టోకు ధర, దానిపై డొమైన్ల వ్యవస్థను చూసే ఐకాన్ (ICANN) సంస్థ రుసుము, అంతే. డాట్ కామ్ రిజిస్ట్రీ అయిన వెరిసైన్ టోకు ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లు అయింది. మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చి, రెన్యువల్‌లో నడ్డి విరిచే వ్యవహారం లేదు. హూయిజ్ ప్రైవసీకి (యజమాని వివరాలు బయటికి కనిపించకుండా దాచడానికి) అదనంగా ఏమీ తీసుకోరు.

ఇక అసలు విషయం. డొమైన్‌ను చేర్చగానే క్లౌడ్‌ఫ్లేర్ పాత రికార్డులను స్కాన్ చేసి ఒక పట్టిక చూపిస్తుంది. దాన్ని చూసి 'అన్నీ వచ్చేశాయి' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మామూలుగా బయటి నుంచి ఎవరూ మీ జోన్ మొత్తాన్ని చదవలేరు. క్లౌడ్‌ఫ్లేర్ అందరూ వాడే పేర్లను ఒక్కొక్కటిగా అడిగి చూస్తుంది, అంతే. వెబ్, మెయిల్ లాంటివి దొరుకుతాయి. బిల్లింగ్ కోసం పెట్టుకున్న సబ్‌డొమైన్, డీకిమ్ సెలెక్టర్ (మెయిల్ మీది డిజిటల్ సంతకాన్ని సరిచూసే రికార్డు పేరు) లాంటివి తప్పిపోవచ్చు. పాత ప్యానెల్‌లో జోన్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ ఉంటే బైండ్ ఫార్మాట్‌లో (జోన్ ఫైళ్లకు అందరూ వాడే రూపంలో) దించుకుని ఇక్కడ ఇంపోర్ట్ చేయండి. లేకపోతే రెండు కిటికీలు పక్కపక్కన పెట్టి ఒక్కో వరుసా పోల్చుకోవడమే.

డీకిమ్ పోతే మెయిల్ సాధారణంగా ఆగదు. అందుకే ఎవరూ గమనించరు. పంపినవి వెళ్తూనే ఉంటాయి, కాకపోతే కొన్ని స్పామ్‌లో పడుతుంటాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపే ప్రతి డొమైన్‌కూ ఎస్‌పీఎఫ్ (డొమైన్ తరఫున మెయిల్ పంపదగ్గ సర్వర్ల జాబితా) లేదా డీకిమ్ ఉండాలని గూగుల్ నిబంధన. ఎస్‌పీఎఫ్‌లో ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. పాతది ఉంచి కొత్తది కలుపుతారు. రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉంటే రెండూ చెల్లవు, రెండింటినీ ఒక్కటి చేయాలి.

డొమైన్ మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు తప్పిపోతే ఇంకా ఘోరం. ఎంఎక్స్ లేకపోతే పంపేవాళ్ల సర్వర్ ఊరుకోదు, నియమం ప్రకారం 'A' రికార్డులోని ఐపీకే (సైట్ ఉన్న సర్వర్ చిరునామాకే) మెయిల్ తీసుకెళ్తుంది. అంటే మీ మెయిల్ జోహో లాంటి మెయిల్ సర్వీసులో ఉన్నా, ఉత్తరం వెళ్లేది వెబ్ హోస్టింగ్ సర్వర్‌కు. అక్కడ హోస్టింగ్ నడిపే సీప్యానెల్ సాఫ్ట్‌వేర్ ఉంటే, అది ఆ డొమైన్ తనదేననుకుని, అలాంటి ఖాతా లేదంటూ 550 కోడ్‌తో అక్కడికక్కడే తిప్పికొడుతుంది. తాత్కాలిక లోపమైతే పంపేవాళ్ల సర్వర్ నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. 550కి ఆ అవకాశం లేదు, ఆ ఉత్తరం పోయినట్టే.

తర్వాత నారింజ మబ్బు. 'A', సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరుకు చూపే) రికార్డుల పక్కన కనిపించే ఆ గుర్తుకు అర్థం ట్రాఫిక్ క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ గుండా పోతోందని. ఆ ప్రాక్సీ మోసేది వెబ్ ట్రాఫిక్‌నే. మెయిల్ యాప్‌లు వాడే 993, 587 పోర్టులను పట్టించుకోదు. మెయిల్ సబ్‌డొమైన్‌కు నారింజ రంగు ఉంటే విచిత్రం జరుగుతుంది. ఎంఎక్స్ ప్రాక్సీ ఉన్న పేరును చూపిస్తుంటే క్లౌడ్‌ఫ్లేర్ తనంతట తానే ఒక దొడ్డిదారి పేరు సృష్టిస్తుంది కాబట్టి బయటి మెయిల్ సర్వర్‌కు చేరుతూనే ఉంటుంది. ఆఫీసులో అవుట్‌లుక్ మాత్రం కనెక్ట్ కాదు. పాస్‌వర్డ్ తప్పేమోనని గంటలకొద్దీ మార్చుకుంటూ కూర్చుంటారు. మబ్బును బూడిద రంగుకు మారిస్తే, అంటే ప్రాక్సీ ఆపేస్తే సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ 365 డీకిమ్ కోసం ఇచ్చే రెండు సీనేమ్‌లకూ బూడిద రంగే ఉండాలి.

సైట్ అదే పేజీలో గిరగిరా తిరుగుతూ 'టూ మెనీ రీడైరెక్ట్స్' అంటుంటే ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ 'ఫ్లెక్సిబుల్'లో ఉందేమో చూడండి. సర్వర్‌లో చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉంటే 'ఫుల్ స్ట్రిక్ట్' పెట్టాలి.

డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబులపై సంతకం) ఆన్‌లో ఉంటే పాత రిజిస్ట్రార్ దగ్గర ముందే తీసేయాలి. డాట్ కామ్ రిజిస్ట్రీలో ఆ సంతకాన్ని ధ్రువీకరించే డీఎస్ రికార్డు టీటీఎల్ (ఇతర సర్వర్లు దాన్ని గుర్తుంచుకునే గడువు) ఒక రోజు. కాబట్టి తీసేసి ఒక రోజు ఆగి, అప్పుడు నేమ్‌సర్వర్లు మార్చాలి. తొందరపడితే సైట్ కొందరికి తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు. సంతకం సరిచూసే రిజాల్వర్ (మన తరఫున డొమైన్ చిరునామా వెతికే సర్వర్) వాడేవాళ్లకే ఈ బాధ. 'మాకు బాగానే వస్తోందే' అనే మాట వినిపించిందంటే ముందు డీఎస్‌నే అనుమానించండి. నేమ్‌సర్వర్ రికార్డుల టీటీఎల్ అయితే రెండు రోజులు, దాన్ని మనం తగ్గించలేం. ఆ 48 గంటలూ పాత జోన్ బతికే ఉండాలి.

ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ తేలిక. పాతచోట లాక్ తీసి, ఆథ్ కోడ్ (ట్రాన్స్‌ఫర్‌కు అనుమతిగా పాత రిజిస్ట్రార్ ఇచ్చే కోడ్) తెచ్చి ఇక్కడ అతికించి, డబ్బు కట్టాలి. పాత రిజిస్ట్రార్ ఒప్పుకున్నా, ఏమీ అనకపోయినా అయిదు రోజుల్లో అయిపోతుంది. మిగిలిన గడువుకు ఇంకో ఏడాది కలుస్తుంది. డొమైన్ కొన్న 60 రోజుల లోపు మాత్రం కుదరదు.

లోటు ఒకటుంది, అది చిన్నది కాదు. డొమైన్ ఇక్కడున్నంత కాలం మామూలు ప్లాన్లలో నేమ్‌సర్వర్లు వేరేచోటికి మార్చుకోలేరు. హోస్టింగ్ కంపెనీ తన నేమ్‌సర్వర్లే వాడమంటే ఇటు రాకండి. పాత రిజిస్ట్రార్ ఇచ్చిన ఉచిత మెయిల్‌బాక్స్ మీదే ఆఫీసు నడుస్తుంటే కూడా అంతే. క్లౌడ్‌ఫ్లేర్ మెయిల్‌ను వేరే చిరునామాకు దారి మళ్లిస్తుంది, మెయిల్‌బాక్స్ ఇవ్వదు. ముందు మెయిల్‌ను వేరేచోట స్థిరపరిచి, పాత ఉత్తరాలు దించుకున్నాకే నేమ్‌సర్వర్ల జోలికి వెళ్లండి.