ఎల్ తాతియో యాత్ర: గైడుకు పూర్తి మార్కులు, ఏజెన్సీకి సగమే

విశాఖలోని ఓ ట్రావెల్ ఏజెన్సీ ద్వారా చిలీ వెళ్లి, ఎల్ తాతియో వేడినీటి బుగ్గలు చూసి వచ్చాం. స్వెట్టర్ చాలన్నారు. లంబసింగి చలికి కొన్నది 4,300 మీటర్ల ఎత్తున ఏ మూలకూ చాలలేదు! పైగా తలనొప్పి. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

అక్కడి గైడు మాత్రం బంగారం. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కనుక నీరు సుమారు 86 డిగ్రీలకే మరుగుతుందని, భూగర్భపు వేడికి కాగి ఇరుకు సందుల్లోంచి ఎగదన్నుతుందని ఓపికగా చెప్పాడు. చిమ్మే నీరు చాలాచోట్ల మనిషెత్తు కూడా ఉండదు. నిలువెత్తు స్తంభాల్లా లేచేది ఆవిరి, అదీ తెల్లవారుజాము చలిలోనే, ఎండెక్కితే పల్చబడిపోతుంది. బుగ్గల చుట్టూ పేరుకున్న గట్టి పొర సిలికా అట.

ఎత్తుకు ఒళ్లు అలవాటుపడేలా, కింద ఉన్న శాన్ పెద్రో ఊళ్లో రెండు రోజులైనా ఆగకుండా పైకి తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి.