న్యూట్రల్‌లో కిచకిచ: నా ఫోర్ బై ఫోర్ క్లచ్‌తో ఏడేళ్లు

ఏడేళ్లు, లక్షా పది వేల కిలోమీటర్లు. అందులో మూడో వంతు రోడ్డు లేని చోటే తిరిగాను. డీజిల్, మాన్యువల్ గేర్లు, గేర్‌బాక్స్ నుంచి ముందు వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, అందులో నెమ్మదిగా బలంగా లాగే లో రేంజ్. క్లచ్ హైడ్రాలిక్, అంటే పెడల్ నొక్కితే ద్రవం ఒత్తిడితో పనిచేసేది. ఆ ఒత్తిడి అందుకునే స్లేవ్ సిలిండర్ బయట ఉండి, ఫోర్క్‌తో రిలీజ్ బేరింగ్‌ను (క్లచ్‌ను విడదీసే బేరింగ్) తోస్తుంది. ఇంజిన్ మీద, సస్పెన్షన్ మీద నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. నన్ను తిప్పలు పెట్టింది క్లచ్ చప్పుడే కాబట్టి ఈ సమీక్షంతా దాని గురించే.

మొదటి మూడేళ్లూ ఏ గొడవా లేదు. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌లో ఉంచితే గేర్‌బాక్స్‌లోంచి సన్నగా గలగల వినిపించేది, పెడల్ పూర్తిగా నొక్కితే ఆగేది. అది జబ్బు కాదు. డీజిల్ ఇంజిన్ తిరిగే తీరులోనే కుదుపు ఉంటుంది, దానికి లోడు లేని గేర్ల పళ్లు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. కొత్త బండిలోనూ వినిపిస్తుంది. దీనికి భయపడి గేర్‌బాక్స్ దింపించుకోకండి.

నాలుగో ఏడు ఒక వాగును రెండుసార్లు దాటాను. వారం తిరక్కుండానే న్యూట్రల్‌లో కిచకిచ మొదలైంది, బండి కింద పిచ్చుక గూడు పెట్టినట్టు. పెడల్ మీద కాలు పెడితే మాయం, తీస్తే మళ్లీ మొదలు. మెకానిక్ ఒక్క నిమిషం విని తేల్చేశాడు: "క్లచ్ నొక్కితే పోతోందంటే గేర్‌బాక్స్ బేరింగే సార్. విప్పాలి."

అతను చెప్పిన సూత్రం తప్పేం కాదు. న్యూట్రల్‌లో పెడల్ వదిలి ఉంటే, క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంజిన్‌తో పాటు తిరుగుతూ ఉంటుంది. క్లచ్ నొక్కితే షాఫ్ట్ ఆగుతుంది, దాని బేరింగ్ చప్పుడూ ఆగుతుంది. కానీ పెడల్ ఎంత దూరం వెళ్లాక చప్పుడు ఆగిందో అతను చూడలేదు. నిజానికి నేనూ చూడలేదు.

ఆ రాత్రి కిటికీలు దించుకుని బండిలో కూర్చున్నాను. కాలి బొటనవేలి బరువు పడితే చాలు, కిచకిచ ఆగిపోతోంది. పెడల్ రెండు వేళ్ల మందం కూడా కదలలేదు. నా బండిలో క్లచ్ పట్టేది పెడల్ సగం దగ్గర. అంటే చప్పుడు ఆగేసరికి ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంది. తిరుగుతున్న షాఫ్ట్ బేరింగ్ ఊరికే ఎందుకు నోరు మూసుకుంటుంది? ఆ కాస్త ఒత్తిడికి కుదురుకునేది రిలీజ్ బేరింగ్, దాన్ని తోసే ఫోర్క్, అంతే. గేర్‌బాక్స్ బేరింగే అయితే క్లచ్ పూర్తిగా విడిపోయాక షాఫ్ట్ నెమ్మదిస్తుంటే చప్పుడు కూడా గరగరమంటూ దిగిపోవాలి.

ట్రాన్స్‌ఫర్ కేస్ మీద అనుమానం అక్కర్లేకపోయింది. బండి నిలబడి న్యూట్రల్‌లో ఉంటే అది తిరగనే తిరగదు.

గేర్‌బాక్స్ దింపి చూస్తే రిలీజ్ బేరింగ్‌లో గ్రీజు జాడ లేదు, చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టుంది. ఫోర్క్ ఆనే గుండు ఎండిపోయి మెరుస్తోంది. ఫోర్క్ బయటికొచ్చే చోట ఉండే రబ్బరు బూటు (తొడుగు) చిరిగింది, నీళ్లూ బురదా వెళ్లింది అందులోంచే. ఇన్‌పుట్ షాఫ్ట్ పట్టుకుని ఊపితే ఊగులాట ఏమీ లేదు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని: క్లచ్ ప్లేట్ ఇంకా మందంగానే ఉందని రిలీజ్ బేరింగ్, బూటు మాత్రమే మార్పించాను. ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్, దాని మధ్యలో ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను పట్టుకుని ఉండే పైలట్ బేరింగ్ చిన్నది, దాని ముఖం కూడా చూడలేదు. ఏడాదిన్నరకి వేరే చప్పుడు. ఈసారి అంతా తలకిందులు. న్యూట్రల్‌లో పెడల్ వదిలితే నిశ్శబ్దం, నొక్కినా నిశ్శబ్దమే. పెడల్ కిందే ఉంచి మొదటి గేరు వేయగానే కీచుమని అరుపు. గేరు పడగానే ఇన్‌పుట్ షాఫ్ట్ పూర్తిగా ఆగిపోతుంది, ఇంజిన్ మాత్రం తిరుగుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య నలిగేది పైలట్ బేరింగ్. రిలీజ్ బేరింగే అయితే గేరుతో సంబంధం లేకుండా పెడల్ నొక్కగానే అరిచేది. మళ్లీ ట్రాన్స్‌ఫర్ కేస్, గేర్‌బాక్స్ దింపడం, మళ్లీ అంత పనీ. ఈసారి ప్లేట్, దాన్ని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్, రెండు బేరింగులు, ఇంజిన్ ఆయిలు కారకుండా ఆపే క్రాంక్ వెనక సీలు అన్నీ ఒకేసారి వేయించాను.

క్లచ్‌కి మార్కులేస్తే అయిదుకి మూడున్నర. ప్లేట్ గట్టిది, రాళ్ల మీద లో రేంజ్ వాడి, క్లచ్ జార్చకుండా నడిపితే నిజంగానే మన్నింది. ఆ పల్చటి రబ్బరు బూటుకే మార్కులు కోశాను. వాగులు దాటే బండికి అలాంటిది పెడతారా? ఇప్పుడు నీళ్లలో దిగే ముందే గేరు వేసుకుంటాను, ఒడ్డెక్కేదాకా క్లచ్ ముట్టను. నొక్కితే ప్లేటుకీ ఫ్లైవీల్‌కీ మధ్య సందులోకి నీళ్లు దూరతాయి.

పోయిన నెల మళ్లీ కీచుమంది. గుండె గుభేలుమన్నా ముందు ఇంజిన్ ఆపి పెడల్ నొక్కి చూశాను. అప్పుడూ కీచుమంది. అంటే పెడల్ తిరిగే ఇరుసు దగ్గరి బుష్. కాస్త గ్రీజు పూశాను, పోయింది.