మూడేళ్లుగా వాడుతున్న స్కిల్స్ సాఫ్ట్‌వేర్: ఆ ఆటోమేటిక్ ట్యాగుల మీదే నా కోపం

ఆఫీసులో ఎవరికి ఏ పని వచ్చో ప్రొఫైళ్లలో పెట్టి, కావాల్సినప్పుడు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇది. డాష్‌బోర్డు ఎలా ఉంటుంది, హెచ్‌ఆర్ సిస్టంతో ఎలా కలుస్తుంది, ఇవన్నీ డెమోలో అందరూ చూసేవే, వదిలేస్తున్నా. మూడేళ్లు వాడాక నాకు మిగిలింది ఒక్క ఫీచర్ మీద కోపం. మనం క్లోజ్ చేసిన టికెట్లు (అంటే సిస్టంలో నమోదయ్యే పనులు, ఫిర్యాదులు), పాత రెజ్యూమెలు, ప్రాజెక్టు పేర్లు అన్నీ చదివేసి ఈ మనిషికి ఈ స్కిల్ ఉందని దానంతట అదే ప్రొఫైల్లో ట్యాగ్ తగిలించేస్తుంది చూడండి, అది.

మొదటి ఆరు నెలలకి నేనే దీన్ని తెగ మెచ్చుకుంటూ రివ్యూ రాశా, ఎవరూ ఫారాలు నింపక్కర్లేదు, రెండు వారాల్లో అందరి ప్రొఫైళ్లూ నిండిపోయాయి అని. నిండిన మాట నిజమే. వేటితో నిండాయో అప్పుడు చూడలేదు.

పాత మెయిన్‌ఫ్రేమ్ (కంపెనీ పెద్ద లెక్కలన్నీ నడిపే పాతకాలపు పెద్ద కంప్యూటర్) నుంచి క్లౌడ్‌కి మారే పని మొదలయ్యాక తెలిసొచ్చింది. కోబాల్ అంటే 1959లో పుట్టిన ప్రోగ్రామింగ్ భాష, మా బిల్లింగ్ ఇంకా దాని మీదే నడుస్తోంది, కొత్త సిస్టంలోకి తేవాలంటే ముందు ఆ కోడ్ చదివి ఇందులో ఏముందో చెప్పేవాళ్లు కావాలి. సెర్చ్ కొడితే 41 మంది వచ్చారు. ఇంకేం, బయట నుంచి ఎవర్నీ తీసుకోనక్కర్లేదని మేనేజర్లకి మెయిల్ కూడా పెట్టేశా (ఆ మెయిల్ గుర్తుచేసి ఇప్పటికీ ఆడుకుంటారు). తీరా ఫోన్లు చేయడం మొదలుపెడితే మొదటి అమ్మాయే "నేను అందులో ఒక్క లైను కూడా రాయలేదండీ, ఆ టికెట్లు వస్తే వేరే టీంకి పంపి క్లోజ్ చేస్తానంతే" అంది. టికెట్ టైటిల్లో ఆ మాట ఉంది, క్లోజ్ చేసింది ఆమె, ట్యాగ్ పడిపోయింది. 41 మందిలో నిజంగా కోడ్ చదవగలిగినవాళ్లు ముగ్గురు. ఆ ప్రోగ్రాముల్లో సగం రాసిన పెద్దాయన అసలు లిస్టులోనే లేరు, ఎందుకంటే ఆయన టికెట్ల జోలికే పోరు, ఎవరైనా వచ్చి అడిగితే లేచి వెళ్లి సరిచేసి వస్తారు, ఆ పని ఏ సిస్టంలోనూ ఎక్కదు. ఆయన ప్రొఫైల్లో ఉన్నదల్లా ఎక్సెల్, ఎంఎస్ ఎక్సెల్, మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ అని మూడు స్కిల్స్!

తర్వాత సెట్టింగ్స్‌లో ఆటోని సజెషన్‌గా మార్చాం, ఉద్యోగి ఒప్పుకోవాలి, టీం లీడ్ సరే అనాలి, అప్పుడే ట్యాగ్. స్టార్ రేటింగ్ కూడా తీసేసి ఎస్‌ఎఫ్‌ఐఏ (ఐటీ స్కిల్స్‌ని కొలవడానికి చాలా దేశాల్లో వాడే పద్ధతి) వాళ్ల 7 లెవెల్స్ పెట్టాం, ఎందుకంటే స్టార్లలో నిన్న చేరిన కుర్రాడు ఐదు వేసుకుంటాడు, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నావిడ మూడు వేసుకుంటుంది. లెవెల్ అంటే ఇంకొకరు చెప్తే చేస్తావా, సొంతంగా చేస్తావా, పక్కవాళ్లకి సలహా ఇస్తావా అని మాటల్లో రాసుంటుంది కాబట్టి గొప్పలు చెప్పుకోవడం కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు. పైగా లీడ్లు చదవకుండానే అప్రూవ్ కొట్టేస్తారు, అది వేరే గోల.

అనుకోకుండా నచ్చింది మాత్రం "చివరిసారి ఎప్పుడు వాడారు" అనే చిన్న గడి. ఎనిమిదేళ్ల కింద ముట్టుకున్న డేటాబేస్‌ని ఇవాళ్టి స్కిల్ అనుకుని మనిషిని ప్రాజెక్టులో వేయడం దానివల్లే ఆగింది.

ఈసారికి రెన్యూ చేశాం, ఎక్కువగా మళ్లీ స్ప్రెడ్‌షీట్లలోకి వెళ్లే ఓపిక లేక. మీ దగ్గర పనంతా టికెట్లలో, కోడ్ రిపాజిటరీల్లోనే జరిగితే, ఆటో ట్యాగులు మీకు నచ్చొచ్చేమో కూడా. మా దగ్గర సగం పని మాట మీద నడుస్తుంది. ఆ పెద్దాయన వచ్చే ఏడాది రిటైరవుతున్నారు, ఆయన ప్రొఫైల్ మాత్రం నేనే పక్కన కూర్చుని నింపించా, ఆ మూడు ఎక్సెల్‌లలో రెండు తీసేసి.